కాంక్రీటుకు కూడా దాహమే!

మీరు ఎప్పుడైనా పెద్ద ఆనకట్టను చూశారా? నాగార్జునసాగర్ గానీ శ్రీశైలం గానీ చూసినవాళ్ళకు గేట్లలోంచి దూకే నీళ్ళు, ఆ నురగ, ఆ హోరు గుర్తుండే ఉంటాయి. కాని ఇలాంటి గోడల కడుపులో ఏముంటుందో బయట నిలబడి చూసేవాళ్ళకు తెలియదు. లోపల, గోడ పొడవునా సొరంగం లాంటి దారులుంటాయి. ఇంజనీర్లు వాటిని గ్యాలరీలు అంటారు. లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. దీపాలు పెట్టుకుంటేనే దారి కనిపిస్తుంది. కాళ్ళ పక్కన ఒక చిన్న కాలువ ఉంటుంది. ఆ కాలువలో నీళ్ళు పారుతూ ఉంటాయి!

“అమ్మో, ఆనకట్ట కారిపోతోంది!” అని పరుగు తీయకండి. ఆ నీటికి దారి చూపించింది ఇంజనీర్లే. అది రోజూ పారేటంతే పారుతుంటే వాళ్ళు నిశ్చింతగా ఉంటారు. హఠాత్తుగా పెరిగితే కంగారు పడతారు. విచిత్రమేమిటంటే, జలాశయం నిండుగా ఉన్నప్పుడు అది హఠాత్తుగా తగ్గిపోయినా కంగారే పడతారు.

నీటిని ఆపడానికి కట్టిన గోడలో నీటికి దారి పెట్టడమేమిటి? ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు మనం ఒక ఇటుకను పట్టుకుని మొదలుపెట్టాలి.

ఇటుక తాగే నీళ్ళు

బాగా ఎండిన ఇటుకను తూచి, నీళ్ళబకెట్లో మెల్లగా వదలండి. వెంటనే బుడబుడమని బుడగలు వస్తాయి. ఇటుకలోని సన్నని రంధ్రాల్లో అంతదాకా కూర్చున్న గాలి అది. గాలి బయటికి పోయిన చోట నీరు చేరుతుంది. మర్నాడు ఇటుకను తీసి, పైన తుడిచి, మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక అరకిలో దాకా నీళ్ళు తాగగలదు.

కాంక్రీటు కూడా ఇలాగే తాగుతుంది. కాకపోతే తక్కువ తాగుతుంది, నెమ్మదిగా తాగుతుంది. చూడటానికి నల్లరాయిలా గట్టిగా ఉన్నా దానిలోపల తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని దారులుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి ఎలా పీల్చుకుంటుందో, ఆ దారులు నీటిని అలా పీల్చుకుంటాయి. వీటికి కేశనాళికలని పేరు.

మరి ఆ నాళికలు ఎక్కడినుంచి వచ్చాయి? ఎవరు తవ్వారు? నీరే తవ్వింది!

ఎక్కువైన నీరు

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బట్ట ఎండినట్లుగా సిమెంటు ఎండదు. సిమెంటు, నీరు కలిసి రసాయనిక చర్య జరిగి, కొత్త పదార్థాలు పుడతాయి. ఆ పదార్థాలు ఇసుకనూ కంకరనూ పట్టి బంధిస్తాయి. అందుకే కాంక్రీటు నీళ్ళలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. మేస్త్రీలు కొత్త శ్లాబు మీద మట్టికట్టలు కట్టి నీళ్ళు నిలపడం మీరు చూసే ఉంటారు. ఆ చర్య మధ్యలో ఆగిపోకుండా ఉండాలనే ఆ పని.

50 కిలోల సిమెంటు బస్తాకు ఈ చర్య కోసం కావలసిన నీరు సుమారు 20 లీటర్లే. కాని అంత తక్కువ నీటితో కలిపితే కాంక్రీటు ముద్దగా ఉంటుంది, కదలదు, అచ్చులో మూలలకు పోదు. అందుకని పని తేలిక కావడానికి ఇంకో బకెట్టు నీళ్ళు పోస్తారు. ఆ ఎక్కువ నీరు ఏ చర్యలోనూ పాల్గొనదు. లోపల చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది. తరువాత మెల్లగా ఆవిరైపోతుంది. అది కూర్చున్న చోటు మాత్రం ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీలే మన కేశనాళికలు.

తడుపుతూ ఉంటే ఈ నాళికలు కొంతకాలానికి మూసుకుపోతాయి. కొత్తగా పుట్టే పదార్థం వాటిలోకి పెరిగి, ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డం పడుతుంది. అందుకు ఎన్నాళ్ళు పడుతుందో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. బస్తాకు 20 లీటర్లు పోస్తే సుమారు మూడు రోజులు చాలు. 25 లీటర్లు పోస్తే రెండు వారాలు. 30 లీటర్లయితే ఆరు నెలలు. 35 లీటర్లు దాటిందా, ఎన్నేళ్ళు తడిపినా అవి మూసుకోవు!

చూశారా, కాంక్రీటులోకి రేపు నీరు చొరబడుతుందా లేదా అన్నది, ఈరోజు దానిలో పోసే నీటిని బట్టి నిర్ణయమైపోతుంది. ఖరీదైన మందులు, పూతలు అన్నీ దీని తరువాతే.

ఇరవై ఏనుగులు

ఇప్పుడు ఆనకట్ట దగ్గరికి వెళదాం. నీటిలో లోతుకు పోయేకొద్దీ పీడనం పెరుగుతుంది. ఒక మీటరు లోతున ప్రతి చదరపు మీటరు మీద ఒక టన్ను బరువు ఒత్తుతుంది. 100 మీటర్ల లోతున 100 టన్నులు! ఒక్కొక్కటి 5 టన్నులుండే 20 ఏనుగులు ఒక చదరపు మీటరు జాగా మీద నిలబడ్డాయనుకోండి. అదీ లెక్క. మీ బొటనవేలి గోరంత చోటు మీదనే 10 కిలోల బరువు పడుతుందన్నమాట.

ఇంత ఒత్తిడి వెనకనుంచి తోస్తుంటే, తలవెంట్రుకలో వందో వంతు సందు దొరికినా నీరు ఊరుకుంటుందా? దూరుతుంది. గోడ ఎంత మందంగా ఉన్నా ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా ముందుకు పాకుతుంది. నాగార్జునసాగర్ ప్రధాన ఆనకట్ట లాంటి రాతి కట్టడాల్లోనైనా ఇంతే. రాయి నీటిని దాదాపు పోనివ్వదు గాని, రాళ్ళ మధ్య ఉన్న మసాలాలోంచి నీరు దారి వెతుక్కుంటుంది.

“దూరితే దూరనీ, నాలుగు చుక్కలు కారితే ఏం పోయింది?” అంటారా? రెండు పెద్ద నష్టాలున్నాయి.

సున్నం దొంగ

సిమెంటు, నీరు కలిసినప్పుడు పుట్టే పదార్థాల్లో సున్నం కూడా ఉంటుంది. రసాయనశాస్త్రంలో దాని పేరు కాల్షియం హైడ్రాక్సైడ్. ఇది నీటిలో కొద్దిగా కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు. కాంక్రీటులోంచి దారి చేసుకుని పోయే ప్రతి లీటరూ ఇలా కొంత సున్నాన్ని దొంగిలించి పట్టుకుపోతుంది. సున్నం పోయిన చోట దారి వెడల్పవుతుంది. వెడల్పైన దారిలో మరింత నీరు పోతుంది. మరింత సున్నం పోతుంది.

ఈ దొంగ తన ఆనవాలు వదలకుండా పోడు. పాత వంతెనల కింద, ట్యాంకుల అడుగున తెల్లటి చారలు, గడ్డాల్లాగా వేలాడే తెల్లటి కాడలు చూశారా? అదే పోయిన సున్నం. మీరు ప్రయోగశాలలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదినప్పుడు అది పాలలాగా మారుతుంది కదా? మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారడం వల్ల అలా జరుగుతుంది. గోడమీద కూడా అదే జరుగుతోంది. కాకపోతే అక్కడ ఊదేది గాలి.

ఒక్కొక్కప్పుడు ఈ కార్బొనేటే సన్నని పగుళ్ళలో పేరుకుని వాటిని మూసేస్తుంది. కాంక్రీటు తన గాయాన్ని తానే మాన్పుకుంటుందన్నమాట. కాని ఈ వైద్యం సన్నని గాయాలకే పనికి వస్తుంది.

సున్నం పోవడం వల్ల వచ్చే చిక్కు పాత ఆనకట్టలకు బాగా తెలుసు. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్టలో వాడింది సున్నం, సుర్కీ కలిపిన మసాలా. కాలక్రమాన అందులోంచి సున్నం కరిగిపోతుంటే, రంధ్రాలు వేసి సిమెంటు పాలు ఎక్కించారు. 1980ల నాటికి పైన కాంక్రీటు టోపీ, వెనక కాంక్రీటు ఊతం కూడా కట్టారు.

బావిలో చేద తేలికెందుకు?

రెండో నష్టం ఇంకా పెద్దది. బావిలో నీళ్ళు తోడినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నిండు చేద నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గా వస్తుంది. నీటిని దాటి పైకి రాగానే చేతులు లాగేస్తాయి. చేద బరువు మారలేదు. నీరు దాన్ని కింది నుంచి ఎత్తిపట్టుకోవడం మానేసింది, అంతే.

చాలా ఆనకట్టలు నిలబడేది వాటి బరువు వల్లనే. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలుంటుంది. ఆనకట్ట అడుగుకో, అడ్డంగా పడ్డ పగులులోకో నీరు ఒత్తిడితో చేరిందంటే, చేదను ఎత్తినట్లే గోడను కూడా పైకి ఎత్తుతుంది. గోడ మొత్తం నీటిలో తేలుతున్నట్లయితే ప్రతి ఘనపు మీటరుకూ 1,000 కిలోల బరువు తగ్గిపోయినట్లే. మిగిలేది 1,400 కిలోలు. వెనక జలాశయం తోపు మాత్రం ఏమీ తగ్గదు!

ఈ సంగతిని మనుషులు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. ఫ్రాన్సు దేశంలో బూజే అనే ఊరి దగ్గర కాలువకు నీళ్ళివ్వడానికి కట్టిన రాతి ఆనకట్ట ఒకటుండేది. కట్టినవాళ్ళు నీటి తోపును లెక్కవేశారు గాని, లోపలికి దూరి పైకి ఎత్తే నీటిని లెక్కలోకి తీసుకోలేదు. 1884లో గోడలో కొంతభాగం ముందుకు జరిగింది. పగుళ్ళు పడ్డాయి. మరమ్మతులు చేసి మళ్ళీ నింపారు. 1895 ఏప్రిల్ 27న గోడ పైభాగం విరిగి పడింది. ఎనభైమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే మారిస్ లెవీ అనే ఫ్రెంచి ఇంజనీరు, గోడలోకి దూరే నీటి ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని తీరాలని ఒక నియమం ప్రతిపాదించాడు.

ముందు తెర, వెనక కాలువ

ఇప్పుడు మన గ్యాలరీ ముడి విడిపోతుంది. నీరు దూరకుండా పూర్తిగా ఆపడం అసాధ్యం. కాబట్టి ఇంజనీర్లు రెండు పనులు చేస్తారు.

మొదటిది తెర కట్టడం. ఆనకట్ట ఎగువ అంచు కింద, పునాది రాతిలోకి వరసగా లోతైన రంధ్రాలు తొలిచి, ఒత్తిడితో సిమెంటు పాలు ఎక్కిస్తారు. రాతిలోని పగుళ్ళలోకి అది పాకి గట్టిపడి, భూమిలోపల ఒక తెరలాగా ఏర్పడుతుంది. దీన్ని గ్రౌటింగ్ అంటారు. అమెరికాలోని హూవర్ ఆనకట్ట నిండాక అనుకున్నదానికంటే ఎక్కువ ఊట కనిపించింది. అప్పుడు 1938 నుంచి 1947 దాకా, గ్యాలరీల్లోంచే మళ్ళీ తొలిచి, తెరను ఇంకా లోతుకు దింపారు. గ్యాలరీ వల్ల అదొక లాభం.

రెండోది కాలువ తీయడం. తెరను దాటి వచ్చిన కాసిని నీళ్ళకు అక్కడే నిలువు రంధ్రాలు ఎదురవుతాయి. నీరు వాటిలోకి దిగి గ్యాలరీలోకి చేరుతుంది. బయటికి దారి దొరికిన నీటికి ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేని నీరు గోడను ఎత్తలేదు. కుక్కరు మీది వెయిటు ఆవిరికి దారి ఇచ్చినట్లే ఇది కూడా. ఆ రంధ్రాలు సున్నపు పొరలతో పూడుకుపోతే కాలువ ఎండిపోతుంది, కాని లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఊట ఉన్నట్టుండి తగ్గినా ఎందుకు కంగారు పడతారో ఇప్పుడు తెలిసిందిగా!

వేడి తెచ్చే పగుళ్ళు

సిమెంటు, నీటితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. చిన్న శ్లాబులో ఆ వేడి గాలిలోకి పోతుంది. పర్వతమంత ఆనకట్టలో ఎక్కడికి పోతుంది? లోపల వేడిగా, పైన చల్లగా ఉంటే గోడ పగులుతుంది. 1933, 1935 మధ్య హూవర్ ఆనకట్ట కాంక్రీటు పోసినప్పుడు, విడివిడి దిమ్మెలుగా పోసి, వాటిలో 900 కిలోమీటర్లకు పైగా సన్నని ఉక్కు గొట్టాలు పరిచి చల్లని నీరు పారించారు. అలా చేయకపోతే ఆ గోడ చల్లారడానికి వందేళ్ళకు పైగా పట్టేదని అంచనా.

దిమ్మెల మధ్య అతుకులుంటాయి. ఎండకూ చలికీ అవి కొద్దిగా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అక్కడ నీరు పోకుండా రాగి రేకునో, రబ్బరు లేదా పివిసి పట్టీనో రెండు దిమ్మెల్లోకీ సగం సగం దిగేలా నిలబెడతారు. గోడ కదిలినా పట్టీ సాగుతుంది గాని తెగదు.

బూడిద చేసే మేలు

సున్నం దొంగతనానికి మన పెద్దవాళ్ళకు మందు తెలుసు. అదే సుర్కీ, అంటే కాల్చిన ఇటుకల పొడి. దాన్ని సున్నంతో కలిపితే రెండూ కలిసి, నీటికి కరగని గట్టి పదార్థం ఏర్పడుతుంది. ప్రాచీన రోమనులు ఇదే పనికి అగ్నిపర్వతపు బూడిద వాడారు. నేటి ఇంజనీర్లు థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు మండగా మిగిలిన బూడిదను వాడుతున్నారు. అది కాంక్రీటులోని సున్నాన్ని పట్టి, కరగని పదార్థంగా మార్చి, నాళికలను పూడుస్తుంది. వేడి కూడా తగ్గుతుంది. మనదేశంలో 1950లలోనే ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్ ఆనకట్టలో దీన్ని వాడారు.

బూడిదతో మరో లాభమూ ఉంది. కొన్ని రకాల కంకర, సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి, తడి తగిలితే ఉబ్బే జిగురుగా మారుతుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు లోపలినుంచే పగులుతుంది. 1940లో అమెరికాలో థామస్ స్టాంటన్ ఈ జబ్బును కనిపెట్టాడు. మన హీరాకుడ్‌లోనూ, రిహాండ్‌లోనూ కూడా కట్టిన తరువాత దీని లక్షణాలు కనిపించాయి. కంకరను ముందే పరీక్షించి ఎంచుకోవడం, బూడిదను తగినంత కలపడం దీనికి విరుగుడు.

గోడకు రెయిన్‌కోటు

పాతబడ్డ గోడకు ఇవేవీ చాలకపోతే? రెయిన్‌కోటు తొడుగుతారు! తమిళనాడులో ఆనైమలై కొండల్లో కదంపారై అనే రాతి ఆనకట్ట ఉంది. అక్కడ ఊట బాగా పెరిగిపోయి, గ్రౌటింగులతో లొంగలేదు. 2005లో జలాశయం ఖాళీ చేసి, ఎగువ ముఖమంతా మందమైన పివిసి పొరతో కప్పారు. ఊట ఎంతో తగ్గిపోయింది.

రెండు సంగతులు గమనించండి. పొరను నీళ్ళున్న వైపే తొడిగారు. వెనకవైపు తొడిగితే నీరు దాన్ని తోసి ఊడదీస్తుంది. ఎదురువైపు తొడిగితే అదే నీరు దాన్ని గోడకు అదిమి పట్టుకుంటుంది. ఇక రెండో సంగతి. పొరకూ గోడకూ మధ్య కూడా నీరు పోయే దారి ఉంచుతారు. మళ్ళీ అదే సూత్రం: ఆపు, ఆగనిదానికి దారి ఇవ్వు.

బుడగలు తవ్విన గొయ్యి

నిలిచిన నీటితోనే కాదు, పరుగెత్తే నీటితో కూడా కాంక్రీటుకు ప్రమాదముంది. నీరు మహావేగంతో పోతూ చిన్న మిట్టను దాటితే, మిట్ట వెనక పీడనం బాగా పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. అవి కాస్త ముందుకు పోయి టప్పున కూలిపోతాయి. కూలే ప్రతి బుడగా ఒక సూక్ష్మమైన సుత్తిదెబ్బ. 1983 వరదల్లో అమెరికాలోని గ్లెన్ కాన్యన్ ఆనకట్ట సొరంగంలో ఈ సుత్తిదెబ్బలు కాంక్రీటును చీల్చి, దాని కింది రాతిలో దాదాపు 10 మీటర్ల లోతు గొయ్యి తవ్వాయి. తరువాత సొరంగంలో నీటికి గాలి కలిసేలా అడ్డగాళ్ళు తీశారు. గాలి కలిసిన నీరు మెత్తని దిండులా పనిచేసి ఆ దెబ్బలను మింగేస్తుంది.

మీ ఊరి ట్యాంకు సంగతి

ఆనకట్టలు దూరం కావచ్చు. నీళ్ళ ట్యాంకు మీ ఇంటి మీదనో బడి పక్కనో ఉంటుంది. అందులో కాంక్రీటుతోపాటు ఉక్కు ఊచలుంటాయి. మంచి కాంక్రీటులోని క్షారగుణం ఆ ఊచలకు కవచం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి పాకి ఆ కవచాన్ని పోగొడుతుంది. తడి తగిలి ఊచ తుప్పుపడుతుంది. తుప్పు ఉక్కు కంటే రెట్టింపుకు మించిన చోటు తీసుకుంటుంది. దాంతో పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది.

పాత ఇల్లు పడగొట్టిన చోట ఒక కాంక్రీటు ముక్క తెచ్చి, మీ సైన్సు మాస్టారి ఎదుట అప్పటికప్పుడు పగలగొట్టించి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేయించండి. గులాబీరంగు వచ్చిన చోట కవచం ఉంది. రంగు రాని చోట పోయింది. ట్యాంకును మాత్రం చెక్కకండి సుమా!

ట్యాంకు అడుగున తుప్పుమరకలు, తెల్లని చారలు, ఊడుతున్న పెచ్చులు కనిపిస్తే దాని కింద ఆడుకోవడం మానేసి పెద్దవాళ్ళకు చెప్పండి. బయట సిమెంటు మెత్తితే మరక దాగుతుంది గాని జబ్బు పోదు. మందు లోపలివైపునే, నీళ్ళున్న వైపునే వేయాలి. తాగేనీటికి హాని చేయని పూతలే వాడాలి.

మనదేశంలో 5 వేలకు పైగా పెద్ద ఆనకట్టలున్నాయి. వాటిలో నూరేళ్ళు దాటినవీ ఉన్నాయి. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం ప్రతి ఏడూ వానాకాలానికి ముందూ వెనకా వాటిని తనిఖీ చేయాలి. గ్యాలరీ కాలువలో ఊట ఎంత, అది తేటగా ఉందా బురదగా ఉందా అని కొలిచి పుస్తకంలో రాసుకునే ఉద్యోగి, దిగువన నిద్రపోయే వేలమందికి కాపలా కాస్తున్నాడన్నమాట.

చేసి చూడండి

100 గ్రాముల సిమెంటు, 200 గ్రాముల ఇసుక రెండు చోట్ల విడివిడిగా తీసుకోండి. ఒకదానిలో 50 మిల్లీలీటర్లు, రెండోదానిలో 80 మిల్లీలీటర్లు నీరు పోసి కలపండి. చేతితో కలపకండి, సిమెంటు చర్మాన్ని కొరుకుతుంది. రెండిటినీ ఒకేలాంటి డబ్బాల్లో పోయండి. మర్నాటినుంచి రెండు వారాలు తడుపుతూ ఉండండి. తరువాత బాగా ఎండబెట్టి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క నీటిచుక్క వేసి గడియారం చూడండి. ఏ చుక్క ముందు ఇంకిపోయింది? ఎందుకో ఇప్పుడు మీరు మీ ఊరి మేస్త్రీకి చెప్పగలరు.